గోడ దాటిన గరిటె

మా వీధిలో సుంకులమ్మ నాలుక ఎలాంటిదని ఎవరిని అడిగినా చెబుతారు. కొందరు పొడుగైనదంటారు. వాళ్ళ మాట వదిలేయండి, వాళ్ళకు నేనంటే మొదట్నుంచీ కడుపుమంట. నేను చెప్పబోయేది ఉప్పు సంగతి. కూర నాలుగు చుక్కలు నా నాలుక మీద పడితే చాలు, ఉప్పు ఎంత తగ్గిందో, ఎంత పెరిగిందో చెప్పేస్తాను. అందులో ఇంతవరకు తప్పు చెప్పలేదు, అబద్ధమూ చెప్పలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పత్తికొండలో మా ఇంటికీ లాల్ బీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. నా గడ్డం దాకా వస్తుంది. నేను కాపురానికి వచ్చిన ఏడాది, రంజాన్ నెలలో ఒక సాయంత్రం, ఆ గోడ మీదుగా ఒక గరిటె వచ్చింది. వెనకాలే ఒక చెయ్యి, దాని వెనకాల ఒక గొంతు.

"ఏమే కొత్తపెళ్ళికూతురా, రోంత ఉప్పు సూసి చెప్పు. మేం రోజా ఉండాం."

రోజా అంటే ఉపవాసం. తెల్లవారకముందు తిన్నవాళ్ళు పొద్దుగూకేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. మరి ఇఫ్తారుకు వండే కూరలో ఉప్పు చూసేదెవరు? కొందరు నాలుక కొసకు అద్దుకుని ఉమ్మేస్తారట, తప్పు లేదట. లాల్ బీ దానికి ఒప్పుకోదు. "నాలిక మీద పడినాక మింగకుండా ఉంటానని నాకే నమ్మకం లేదు" అంటుంది. నిజమే, ఆమె చేతి కూర అలాంటిది.

నేను అరచెయ్యి చాచాను. ఆమె నాలుగు చుక్కలు పోసింది. నాకి చూసి, "ఇంగ రోంత పడాల" అన్నాను. ఆ రోజు నుంచి ఆ ఉద్యోగం నాదే. రంజాన్ నెలంతా సాయంత్రం ఆ గరిటె రావడం, నేను తీర్పు చెప్పడం, చీకటి పడ్డాక మూత పెట్టిన గిన్నె అదే గోడ మీదుగా మా ఇంటికి రావడం. శనివారం మేం నీచు తినమని లాల్ బీకి ఎప్పుడూ గుర్తే. ఆ రోజు టమోటాలూ చింతపండూ వేసి కాచిన ఖట్టా పంపేది. దాని కోసమే నేను శనివారం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని.

అంతా బాగుంది అనుకుంటుండగా లాల్ బీ కొడుకు మన్సూర్ ప్యాకెట్ల ఏజెన్సీ తెచ్చాడు. ఆ ఇంటి వరండా నిండా అట్టపెట్టెలే. సమోసా ప్యాకెట్, పరోటా ప్యాకెట్, హలీం ప్యాకెట్, ఆఖరికి అల్లం వెల్లుల్లి కూడా ప్యాకెట్టే. కత్తిరించు, కాగే నీళ్ళలో పడెయ్యి, తిను. ఆ ఏడు రంజాన్ మొదటి సాయంత్రం నేను నోరు పుక్కిలించుకుని గోడ దగ్గర చెయ్యి చాచి నిలబడ్డాను. గరిటె రాలేదు. అవతల కత్తెర చప్పుడు మాత్రం వినిపించింది.

"అక్కా, ఉప్పు సూడొద్దా?" అని కేకేశాను.

మన్సూర్ తల బయటికి పెట్టాడు. నా చేతుల్లో పెరిగినవాడు వాడు. "చిన్నమ్మా, ఉప్పెంతుండాదో ప్యాకెట్ మీదనే అచ్చేసినారు. ఇంగ నీ నాలిక్కి రిటైర్మెంటు!" అని పకపకా నవ్వాడు.

వాడు నవ్వితే నవ్వాడు, కుర్రవెధవ. లోపలి నుంచి లాల్ బీ కూడా నవ్వింది! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చాచిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మీ ఇంటి గరిటె మళ్ళా ఈ గోడ దాటితేనే నేను మీ మొగం సూసేది!" అని అరిచాను.

"దాటదులే, పోవే!" అంది లాల్ బీ.

అంతే. ఆమె గోడకు అటు, నేను ఇటు. మూడేళ్ళు. మా ఆయన మారెన్న, లాల్ బీ భర్త రసూల్ సాహెబ్ ఇద్దరిదీ మాత్రం టమోటా మార్కెట్లో ఒకే మండీలో పని, ఒకే టీ గ్లాసు. వాళ్ళకు మా పోట్లాట పట్టలేదు. మగవాళ్ళకు ఏం పట్టింది గనక!

ఈ ఏడు రంజాన్ ఇంకో వారముందనగా లాల్ బీకి కళ్ళు తిరిగి పడిపోబోతే కర్నూలు తీసుకుపోయారు. అక్కడి డాక్టరమ్మ బీపీ చూసి, ఇంట్లో ఏం తింటారని అడిగిందట. మన్సూర్ గొప్పగా ప్యాకెట్లన్నిటి పేర్లూ చెప్పాడట. ఆవిడ విని, "వాటిల్లో ఉప్పు ఎంతుంటుందో తెలుసా బాబూ? అవి మానకపోతే మీ అమ్మ రోజాలు మానాల్సి వస్తుంది" అందట. బుద్ధి తెలిసినప్పటి నుంచి రోజా తప్పని మనిషి లాల్ బీ. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అట్టపెట్టెల్ని వీధిలోకి తన్నింది. నేను మేడ మీద నుంచి చూశాను. ఒక్కో పెట్టె పడుతుంటే నాకు లోపల ఒక్కో పటాకా పేలింది. మన్సూర్ వాటిని ఏరుకుని ఆటోలో వేసుకుని గోడౌనుకు తీసుకుపోయాడు.

ఇక చూడండి నా సంబరం. ఇంట్లో వంటంటే ఉప్పు వేయాలి. ఉప్పు వేస్తే చూడాలి. చూడాలంటే నేను కావాలి! రంజాన్ మొదలైన రోజు గోడ పక్కన మంచం వేసుకుని, ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చున్నాను. అవతల కోడలు సమీరా గొంతు వినిపించింది. ఆ పిల్ల కత్తెర రాజ్యంలో అడుగుపెట్టిన కోడలు, పొయ్యి ముందు నిలబడటం అదే మొదలు. ఫోన్లో వీడియో పెట్టుకుని వండుతోంది.

"అత్తా, అందరూ ఉప్పు తగినంత అంటాండారు. తగినంత అంటే ఎంత అత్తా?"

"నా తలకాయంత! ఒక పిడికెడు ఎయ్యి!" అని లోపలి నుంచి లాల్ బీ.

నేను పమిట నోట్లో కుక్కుకుని నవ్వాను. ఉల్లిగడ్డ మాడిన వాసన వచ్చింది. అల్లం పచ్చిగా ఉండిపోయిన వాసన వచ్చింది. నా ముక్కుకు అన్నీ తెలుస్తున్నాయి. కానీ ఉప్పుకు వాసన ఉండదు కదా! దాని కోసం నాలుకే కావాలి. నేను ఎదురుచూశాను. గరిటె రాలేదు.

రసూల్ సాహెబ్ పిలిస్తే మా ఆయన ఇఫ్తారుకు వెళ్ళి వచ్చాడు.

"ఎట్లుండాది?" అన్నాను.

"బాగుండాది" అన్నాడు.

ఆయన్ని అడగడం నాదే బుద్ధి తక్కువ. మారెన్న ఏం తిన్నా బాగుండాదనే అంటాడు. పెళ్ళైన కొత్తలో నేను చక్కెర బదులు ఉప్పు వేసిన పాయసం తిని కూడా బాగుండాదన్న మహానుభావుడు. అందుకని నేను ఆయన మాట వినను, ఆయన చేతులు చూస్తాను. ఆ రోజు ఇంటికి వచ్చీ రాగానే ఊరగాయ జాడీ దగ్గరికి పోయి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. అంటే అక్కడ ఉప్పు లేదు, పిడికెడనేసరికి పిల్ల భయపడి చిటికెడు వేసినట్టుంది. మర్నాడు వచ్చీ రాగానే చెంబు ఎత్తాడు, దించితే ఒట్టు. అంటే ఉప్పు దంచి పోశారు. నాకు సంగతి అర్థమైంది. లాల్ బీ పిడికెడు అన్నది కళ్ళుప్పు. గడ్డల మధ్య సందులుంటాయి, పిడికిట్లో పట్టేది కొంతే. సమీరా ఆ పిడికిటి నిండా మెత్తటి ప్యాకెట్ ఉప్పు బిగించి వేసింది!

ఇంత తెలిసీ గోడ ఇవతల చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత నరకమో మీకేం తెలుసు. నేనే పోయి చెబుదామా అంటే మాట పోతుంది. అందుకని కసాపురం ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను. "స్వామీ, ఈ నెల శనివారాలన్నీ ఒక్కపొద్దుంటాను. పొద్దుగూకి దీపం పెట్టేదాకా నీళ్ళు తప్ప నాలిక మీద ఏదీ పెట్టను. ఆ గరిటె గోడ దాటేట్టు సూడు." ఆవేశంలో మొక్కాను గానీ, నాకు ఆకలికి ఆగే అలవాటు లేదు. మొదటి శనివారం మధ్యాహ్నానికే గోడలు రెండుగా కనిపించాయి. గరిటె మాత్రం ఒక్కటీ కనిపించలేదు.

రెండో శనివారం పొద్దున మా ఆయన మార్కెట్టుకు పోతూ పోతూ వాకిట్లో ఆగాడు.

"రాత్రి మళ్ళా ఉప్పెక్కువై లాల్ బీ వదినకు తల తిరిగిందంటనే. నర్సమ్మొచ్చి బీపీ సూసి, ఇంగొక్కపూట ఇట్లయితే రోజాలు బంద్ అనేసి పోయినాదంట. వదిన బాత్రూములో కొళాయి తిప్పుకుని ఏడ్సినాదంట. సాహెబ్ చెప్పినాడు."

నా నవ్వంతా ఎక్కడికి పోయిందో. కొళాయి తిప్పుకుని ఏడ్చిందా! ఆమె ఏడిస్తే వీధి చివరికి వినపడాలి, అది ఆమె పద్ధతి. చప్పుడు కాకుండా ఏడ్చిందంటే దెబ్బ ఎంత లోపల తగిలిందో నాకు తెలుసు. పొద్దంతా నాకు పని సాగలేదు. మంచం మీద మిరపకాయల్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోశాను. అడగవే మహాతల్లీ, ఒక్కసారి అడుగు. నీకు మాట పోతుందా, నాకు పోతుందా, తర్వాత తేల్చుకుందాం. ఈ పూట కూరలో ఉప్పు సరిపోవాలి, అంతే.

ఎండ వాలింది. అవతల టమోటా బాక్సు ఈడ్చిన చప్పుడైంది. గోడ మీదికి ముందు గరిటె వచ్చింది.

అవును, గరిటే! ఎర్రటి ఖట్టాతో, పొగలు కక్కుతూ. దాని వెనక గాజుల చెయ్యి. దాని వెనక చెమటలు కారుతున్న సమీరా మొహం.

"చిన్నత్తా, రోంత ఉప్పు సూస్తావా?"

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు చెయ్యాలో తెలియక, "మీ అత్త పంపించిందా, నువ్వే వచ్చినావా?" అన్నాను బింకంగా.

గోడ కింద నుంచి గుసగుస వినిపించింది. "నేనే వచ్చినానని చెప్పే."

"నేనే వచ్చినానని చెప్పమంటాంది చిన్నత్తా" అంది సమీరా.

గోడ కింద ఎవరో నుదురు కొట్టుకున్న చప్పుడు. నా అరచెయ్యి దానంతటదే చాచుకుంది. నాలుగు చుక్కలు పడ్డాయి. నోటి దాకా తీసుకుపోయాను. టమోటా వాసన, తిరగమోత వాసన, కడుపులో ఏనుగులు పరుగెత్తుతున్నాయి. పెదవి కూడా తెరిచాను.

అప్పుడు గుర్తొచ్చింది. శనివారం.

ఓరి ఆంజనేయా! అడిగింది ఇచ్చావు సరే, ఇవ్వడానికి ఈ రోజే దొరికిందా నీకు?

"ఏమాయె చిన్నత్తా?" అంది సమీరా.

"నాకు ఒక్కపొద్దు. దీపం పెట్టేదాకా నాలిక మీద ఏమీ పెట్టకూడదు. చెప్పు మీ అత్తకు."

అవతల ఇంకో బాక్సు ఈడ్చారు. సమీరా పక్కన లాల్ బీ తల లేచింది. మూడేళ్ళ తర్వాత ఆ మొహం. కళ్ళ కింద నలుపు, చెంపలు లోపలికి పోయాయి, కోపం మాత్రం చెక్కుచెదరలేదు.

"నీకు ఒక్కపొద్దేందే? ఆకలైతే ఇల్లు పీకి పందిరేస్తావు గదా నువ్వు!"

"అంతా నీ వల్లనే!"

"నేనేం చేసినా?"

"నీ గరిటె గోడ దాటాలని మొక్కుకున్నా!"

లాల్ బీ నన్ను చూసింది. నా చేతిలోని ఖట్టాను చూసింది. అది అప్పటికే మణికట్టు దాటి మోచేతికి కారుతోంది. ఆమె పెదవులు వణికాయి. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఎక్కడ! గోడ మీద తల ఆనించి ఒకటే నవ్వు. కింద బాక్సు కిర్రుమంది. నేను రెండు చేతులతో ఆమె రెట్టలు పట్టుకున్నాను, ఖట్టా ఆమె రవికె నిండా పూసుకుంది. ఆమె నవ్వుతుంటే నేనూ నవ్వాను. ఖాళీ కడుపుతో నవ్వితే నొప్పి పుడుతుందని అప్పుడే తెలిసింది.

"పోనీలేవే అక్కా, నాకేస్తా. స్వామికి నేను చెప్పుకుంటాలే" అన్నాను.

"వద్దే, తప్పు. నా రోజా నాకెట్లనో నీ ఒక్కపొద్దు నీకట్ల" అని, నా అరచెయ్యి లాక్కుని, నాకు ఆశ పుట్టకుండా తన పమిట కొంగుతో శుభ్రంగా తుడిచేసింది.

అంతలో మారెన్న ఇంటికొచ్చాడు, బుగ్గలో ఆకు వక్కతో. ఆయనకు రోజా లేదు, ఒక్కపొద్దూ లేదు. నోరు కడిగించి నిలబెట్టి గరిటె అందించాం.

"ఉప్పెట్లుండాది సూడయ్యా" అన్నాను.

చప్పరించాడు. "బాగుండాది."

"తక్కువుండాదా, ఎక్కువుండాదా?"

"బాగుండాదంటి గదా!"

"ఈయప్పతో కాదు. లోపలికి రావే" అంది లాల్ బీ.

ఆ మాట కోసమే కదా మూడేళ్ళు! వీధిలోంచి తిరిగి వాళ్ళ గడప ఎక్కాను. వరండాలో మన్సూర్ పీట మీద కూర్చుని కత్తెరతో ఉల్లిగడ్డలు కత్తిరిస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "చిన్నమ్మా, నీ నాలిక్కి మళ్ళా డ్యూటీ!"

"ముందు ఆ కత్తెర పారేసి కత్తిపీట తీసుకోరా వెధవా!" అన్నాను. వాడు కత్తిపీట కోసం వెతికాడు. వాడికి అదెక్కడుంటుందో తెలియదు, నాకు తెలుసు. బియ్యం డ్రమ్ము వెనక. ఇంకా అక్కడే ఉంది.

పొయ్యి మీద ఖట్టా తెర్లుతోంది. రంగు బాగుంది, వాసన బాగుంది. పిల్ల పని నేర్చుకుంది. "ఉప్పు ఎంతేసినావు?" అని అడిగాను.

"ఏసినా చిన్నత్తా" అంది సమీరా. తర్వాత ఆలోచించింది. "ఏసినానా?" కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "భయంతో తోస్తానే లేదు. నువ్వు నాకితే తెలుస్తాదని వచ్చినా."

లాల్ బీ గోడకు ఆనుకుంది. ఇప్పుడు వేస్తే, ముందే వేసి ఉంటే, రెండింతలు. ఈ పూట తల తిరిగితే రేపటి రోజా లేదు. వేయకుండా వదిలేద్దామంటే ఇఫ్తారుకు కూర్చునేవాళ్ళ ముందు సమీరా పరువు లేదు. మసీదు పిలుపుకు ఎంతోసేపు లేదు. మేం ముగ్గురం గిన్నెలోకి తొంగిచూశాం, అది మాకు ఏమీ చెప్పలేదు.

అప్పుడు సమీరా బొటనవేలికి గుడ్డ చుట్టి ఉండటం చూశాను.

"అదేంది?"

"పొద్దున అల్లం కోస్తాంటే తెగింది."

"ఈ చేత్తోనేనా నువ్వు ఉప్పేసేది?"

"ఈ చేత్తోనే."

"మరి ఈ పొద్దు ఉప్పు ముట్టుకుంటే చురుక్కుమనిందా?"

సమీరా వేలు చూసుకుంది, నన్ను చూసింది, ఒక్క గెంతు గెంతింది. "లేదు చిన్నత్తా! మననే లేదు! నేను ఉప్పే ముట్టలేదు!"

లాల్ బీ ఆ పిల్లను పట్టుకుని ముద్దు పెట్టుకుంది. అల్మారా అడుగున నుంచి కళ్ళుప్పు జాడీ తీసి నా ముందు పెట్టింది. నేను గిన్నె చూశాను, పిడికెడు తీశాను. లాల్ బీ నా వేళ్ళు విప్పి నాలుగు గడ్డలు తీసేసింది. "డాక్టరమ్మ" అంది. నేను రెండు వెనక్కి వేసుకున్నాను. "రుచి" అన్నాను. ఆమె ఒకటి తీసింది. నేను ఇంకొకటి తీసుకోబోతే చేతి మీద ఒక్కటిచ్చింది. మిగిలింది గిన్నెలో వేసి, మూత పెట్టి, ఇద్దరం మూత మీద చేతులు వేసి నిలబడ్డాం. ఇంక దేవుడి దయ, మా ఇద్దరి దేవుళ్ళదీ.

పొద్దు గూకింది. నేను మా ఇంటికి పరుగెత్తి, దీపం వెలిగించి, "స్వామీ, నీతో మళ్ళా మాట్లాడతా" అని దండం పెట్టేసరికి మసీదులో అజాన్ మొదలైంది. మళ్ళీ పరుగు. వంటింట్లో భోజనాలకు దస్తర్ఖాన్ గుడ్డ పరిచి ఉంది. లాల్ బీ ఒక ఖర్జూరం తాను నోట్లో వేసుకుని ఒకటి నా చేతిలో పెట్టింది. హాల్లో మా ఆయన, రసూల్ సాహెబ్, మన్సూర్ కూర్చున్నారు. అన్నంలో ఖట్టా పోసుకుని మొదటి ముద్ద కలిపాను.

నాలుక మీద పడింది. ఏం చెప్పమంటారు! పులుపు, కారం, టమోటా తీపి, వాటన్నిటినీ ఒక తాటి మీదికి తెచ్చిన ఉప్పు. ఒక గడ్డ ఎక్కువ కాదు, ఒక గడ్డ తక్కువ కాదు. ఇన్నేళ్ళలో ఆ ఇంటి కూర ఏదీ ఇంత సరిగ్గా కుదరలేదు.

సమీరా ముద్ద పట్టుకుని నా మొహమే చూస్తోంది. లాల్ బీ కూడా ముద్ద మింగింది. నన్నే చూస్తూ అడిగింది.

"ఎట్లుండాదే?"

బాగుందంటే అయిపోతుంది. చూడకుండా వేసినా కుదిరిందంటే, ఇంక చూసేదేముంది, రేపటి నుంచి గరిటె ఎందుకు?

"రోంత తక్కువుండాది" అన్నాను.

లాల్ బీ కళ్ళు చిన్నవయ్యాయి. ఇంకో ముద్ద తింది, తాపీగా నమిలింది. ఆమెకు తెలుసు. ఆ కళ్ళల్లోనే ఉంది, తెలుసునని.

"తౌబా! నాకైతే రోంత ఎక్కువైనట్టుండాది" అంది.

"తక్కువే."

"ఎక్కువే! రేపు నువ్వు సరిగ్గా నాకి చెబితే గానీ తేలదు."

"గరిటె పంపితే నాకనా?" అన్నాను.

హాల్లోంచి మా ఆయన కేక వినిపించింది. "బాగుండాది!"

ఆ పూట ఆ ఇంట్లో నిజం చెప్పింది ఆయన ఒక్కడే.